బావకు నంబరు బిళ్ల తగిలించిన ఆదివారం

చదువు సంసారాలను బాగుచేస్తుందంటారు. నా చదువు మా అక్క సంసారాన్ని ఒక్క సాయంత్రంలో ఎక్కడిదాకా తీసుకుపోయిందో చెబుతాను, నవ్వకుండా వినండి. వినలేరు. మా తిరుత్తణిలో ఎవరూ వినలేకపోయారు.

మా బావ మునిరత్నం లేత్ పనిలో తిరుగులేని మనిషి. సాయంత్రమైతే మాత్రం ఆయన కాళ్లు ఇంటిదారి మరిచిపోయి మందుషాపు దారి పట్టేవి. చివరికి అక్క పెట్టె సర్దింది.

"తిరువళ్లూరులో స్టేషన్ దగ్గర తాగుడు మానేవాళ్ల మీటింగు ఉందంట. ఆయన పోతే నేనుంటా. లేదంటే పిల్లను తీసుకొని అమ్మ దగ్గరికి వచ్చేస్తా."

బావ ఒప్పుకున్నాడు. "ఒక్కతూరి వస్తా రా బామ్మర్దీ. నాకు సరిపడకుంటే మళ్లీ పిలవగూడదు."

ఉన్నది ఒకే ఒక్క అవకాశం. దాన్ని నా చేతిలో పెట్టారు. కోతికి కొబ్బరికాయ దొరికినట్టు అంటారే, ఈ కోతి గ్రంథాలయంలో చదువుకున్నది కూడా! తాగుడు మానడం గురించిన పుస్తకాన్ని నేను రెండుసార్లు చదివాను. అలాంటి చోట గుట్టు ముఖ్యమన్న సంగతి అందులోనే పట్టుకున్నాను.

"ఫోన్ చేసి కనుక్కోరా" అన్నాడు బావ, రైలు దిగుతూ.

"చదువుకున్నవాడికి ఫోనెందుకు బావా?" అని టీకొట్టు ఆయన దగ్గరికి నడిచాను. తాగుడన్న మాట నోటికి రానీయకుండా, గొంతు తగ్గించి అడిగాను. "అన్నా, ఒంటరిగా బాధపడేవాళ్లు ఆదివారం ఒకచోట చేరి, తమ సంగతి చెప్పుకొని, కొత్త జీవితం మొదలుపెడతారే, అది యాడ?"

ఆయన బావను తల నుంచి కాళ్ల దాకా చూశాడు. "వయసు కొంచెం ముదిరింది. పరవాలేదు, ఆ మండపం మేడ మీదికి పోండి. మంచే జరుగుతుంది."

మండపం ముందు మన తెలుగువాళ్ల సంఘం పేరు తప్ప ఇంకో అక్షరం లేదు. ఆహా, ఏం గుట్టు! మెట్ల దగ్గర ఒకామె పేరూ ఇంటి ఫోన్ నంబరూ అడిగి, బావ చొక్కాకు పదిహేడో నంబరు బిళ్ల తగిలించింది.

"చూసినావా బావా! ఇక్కడ పేరుతో పిలవరు, నంబరుతోనే. అంతా పుస్తకంలో ఉన్నట్టే!"

లోపల మగవాళ్లంతా పట్టుచొక్కాలు వేసుకొని, పౌడరు పూసుకొని కూర్చున్నారు. "మానేసినాక మొహంలో కళ ఎట్లొచ్చిందో చూడు" అన్నాను.

"రేయ్, ఆ పక్క ఆడోళ్లు నన్ను అట్ల చూస్తా ఉండారేమిరా?"

"ధైర్యం చెప్పేదానికి కుటుంబాలు కూడా వస్తాయి బావా."

"ఇది ధైర్యం చెప్పే చూపు కాదురా. సంతలో ఎద్దుకు పళ్లు చూసే చూపు."

ఇంతలో వేదిక మీది పెద్దమనిషి, "ఎవరు మొదలుపెడతారు? సిగ్గుపడొద్దు" అన్నాడు. ఎవరూ కదల్లేదు. మొదట మాట్లాడినవాడికి సగం జబ్బు అక్కడే నయమవుతుందని, పుస్తకంలో లేకపోయినా, నేనే కనిపెట్టి బావ చెయ్యి పైకెత్తాను.

బావ మైకు పట్టుకున్నాడు. "అందరికీ వణక్కం. నా పేరు మునిరత్నం. నేను తాగుతా. దినామూ తాగుతా. మానేయాలని ఉంది. ఒక్కణ్ణే మానలేకుండా ఉండా. మీరు తోడుంటే మానుతా."

నేనొక్కణ్ణే చప్పట్లు కొట్టాను.

అప్పుడు ముందు వరసలోని ముసలమ్మ లేచింది. "చూడండమ్మా! ముందే చెప్పే మాప్పిళ్ళ ఈ కాలంలో యాడ దొరుకుతాడు? మా పెద్దల్లుడి యవ్వారం పెండ్లయినాకనే గదా బయటపడింది! నాయనా, జాతకం తెచ్చినావా?"

మాప్పిళ్ళ అంటే మా వైపు పెళ్లికొడుకు. నా కాళ్ల కింద మేడ ఊగింది. అది మా సంఘంవాళ్లు పెళ్లి కావలసిన పిల్లలను పరిచయం చేసే సభ!

బావ నా వైపు తిరిగాడు. మైకులోనే అడిగాడు. "రే బామ్మర్దీ, తాగుడు మానేదానికి జాతకమెందుకురా?"

చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నాది పోతూ పోతూ బావను కూడా వెంటబెట్టుకుపోయింది. నేను చెప్పేలోగా ఆయనకే అర్థమైంది. "అయ్యా, నాకు పెండ్లయింది. నా పెండ్లామే నన్ను పంపించింది!"

మండపం నవ్వులతో అదిరింది. మేం మెట్లు దూకుతుంటే వెనక నుంచి ఎవరో బావ చెయ్యి పట్టుకున్నారు. తన్నులే అనుకున్నాను. చూస్తే ఒక ఆడపిల్ల తండ్రి, తెల్ల పంచె పెద్దాయన. బావ చెవిలో అన్నాడు. "నువ్వు అడిగే మీటింగు పక్క వీధిలోనే. నేనూ అక్కడివాణ్ణే. నలుగురి ముందర ఆ మాట అనేదానికి నాకు ఏండ్లు పట్టింది నాయనా. నా బిడ్డ నంబరు పిలిచేది అయిపోనీ, ఇద్దరం పోదాం."

పోయారు. నేను బయట అరుగు మీద కూర్చున్నాను. బావ తిరిగొచ్చి, "ఇక్కడ పట్టుచొక్కాలూ లేవు, పౌడరూ లేదు. అయినా వచ్చే వారం వస్తా. ఆయనకు మాటిచ్చినా" అన్నాడు. ఇప్పటికీ పోతున్నాడు.

ఇంటికి చేరేసరికి అక్క గడపలో ఫోన్ పట్టుకొని నిలబడి ఉంది. "ఎవరో ఫోన్ చేసి, అబ్బాయి మైకులో మాట్లాడతా ఉండంగానే బయటికొచ్చి చేస్తా ఉండాం, మాకు నచ్చినాడు, మీరేమవుతారమ్మా అన్నారు. పెండ్లాన్ని అన్నా. 'అయ్యో! తాగుడు సంగతి చెప్పినాడు గానీ, ఈ అలవాటు చెప్పలేదే!' అన్నారు. ఏందిరా ఇది?"

చెప్పాం. అక్క నవ్వీ నవ్వీ గడప మీదే కూలబడింది. లేచి పెట్టెలోని చీరలు బీరువాలో పెట్టింది.

కనుక తిరుత్తణి కొండ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరిని ఎక్కడికి తీసుకుపోయినా, ఆ చోటు పేరు గొంతెత్తి పలికి, ముగ్గురిని అడిగి గానీ మెట్టెక్కను. నా పెళ్లిచూపులకు మాత్రం దారి అక్కే అడుగుతుందట. నాకు వదిలేస్తే అందరినీ ఏ ఆస్పత్రిలోనో చేర్పించి వస్తానని ఆమె భయం.