కుప్పం మామ చెవులు

మొన్న మా కోడలు నన్ను బెంగుళూరు రోడ్డులో కొత్తగా తెరిచిన కాఫీ షాపుకి తీసుకువెళ్ళింది. టమేటా లారీలు తిరిగే రోడ్డు పక్కన అన్ని అద్దాలు పెట్టి హోటలు కడతారని మా మదనపల్లెలో నా వయసు వాళ్ళెవరూ అనుకొని ఉండరు. కాఫీ నురగ మీద ఆకు బొమ్మ గీసి ఇచ్చారు, దాన్ని చెరపడానికి మనసొప్పక నేను చెంచా పట్టుకుని కూర్చున్నాను, అంతలో పైకప్పులో ఎక్కడో దాచిపెట్టిన స్పీకర్లోంచి ఒక ట్రంపెట్ మొదలైంది. అది నాకు తెలిసిన ట్రంపెట్. చుట్టూ ఉన్న పిల్లలెవరూ తలెత్తలేదు, అందరూ ఫోన్లు చూసుకుంటున్నారు, గిన్నెలు కడిగే చప్పుడుతో సమానంగా అదీ ఒక చప్పుడు వాళ్ళకి. నా కళ్ళలో నీళ్ళు చూసి కోడలు కంగారు పడితే, కాఫీ వేడిగా ఉందని చెప్పాను.

ఆ ట్రంపెట్‌ను నాకు పరిచయం చేసింది మా మామ. మా అమ్మకు ఆఖరి తమ్ముడు. కుప్పంలో గ్రానైటు రాళ్ళు కోసి పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా చేసేవాడు. జాజ్ అనే మాట ఆయనకూ పుట్టుకతో తెలిసింది కాదు. తొంభైల మొదట్లో, పక్కనున్న బంగారు గనుల ఊళ్ళో పని తగ్గిపోయి, తరతరాలుగా అక్కడ ఉన్న ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు సామాన్లు అమ్ముకుని ఒక్కొక్కటిగా వెళ్ళిపోతుంటే, ఒక టేకు కుర్చీ కొనుక్కుందామని మామ అక్కడికి వెళ్ళాడు. కుర్చీ అమ్మిన ముసలావిడ, ఇవి ఎవరూ కొనడం లేదు, పారెయ్యడానికి నాకు చేతులు రావడం లేదు అని ఒక పెట్టెడు రికార్డులు, వాటితో పాటు ప్లేయరు కూడా ఇచ్చేసిందట. కుర్చీని బస్సు టాపు మీద వేయించి, పెట్టెను మాత్రం చంటిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని మామ కుప్పం చేరాడు.

అప్పుడు నేను పుంగనూరు హైస్కూల్లో లెక్కల టీచరుని. సెలవులకి కుప్పం వెళ్తే, వాళ్ళింట్లో గిన్నెల అలమర కూలినట్టున్న ఒక చప్పుడు వింటూ మామ కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. మా అత్త వంటింట్లోంచి నన్ను చూసి, తన ఖర్మకు తానే బాధ్యురాలినన్నట్టు నుదురు తట్టుకుంది. నాకూ మొదట చిరాకే పుట్టింది. ఒకడు ఒక దారిన పోతే ఇంకొకడు ఇంకో దారి పడతాడు, పాట ఎక్కడ మొదలయిందో ఎటు పోతోందో తెలియదు. అప్పుడు మామ, పెళ్ళి ఊరేగింపు నాలుగురోడ్ల కూడలిలో ఆగినప్పుడు నాదస్వరం ఆయన డోలు ఆయనను ఎలా రెచ్చగొడతాడో గుర్తు చేసుకోమన్నాడు. అతను రాగాన్ని వదిలేసి ఎక్కడెక్కడో తిరిగి, ఇక రాడేమో అనుకున్నప్పుడు సరిగ్గా డోలు దెబ్బ మీద వచ్చి దిగుతాడు కదా, ఇదీ అంతే పాపా అన్నాడు. ఆ మాటతో నా చెవులు తెరుచుకున్నాయి. లెక్కల మనిషిని కదా, దారి తప్పి మళ్ళీ సరైన జవాబుకి చేరుకోవడంలో ఉన్న సుఖం నాకు తెలుసు.

ఆ తరువాత కొన్నేళ్ళు మామ ఆదివారాలన్నీ ఆ గనుల ఊళ్ళోనే గడిచాయి. ఏ ఇల్లు ఖాళీ అవుతోందో కనుక్కుని వెళ్ళేవాడు. ఒకరి కన్నీళ్ళ మధ్య నుంచి మన సంతోషం ఏరుకోవడం ఆయనకు బాధగానే ఉండేది, అందుకే ప్రతి రికార్డు అట్ట మీద ఆ ఇంటివాళ్ళ పేరు పెన్సిలుతో రాసిపెట్టేవాడు. ఒకే రికార్డు రెండు దొరికితే ఒకటి నాది. వాళ్ళ మేడ పక్కనే రైలు పట్టాలు. గూడ్సు బండి వస్తే ఇల్లంతా అదిరి రికార్డు మీది ముల్లు గంతులేసేది, అందుకని బండి ఇంకా ఊరి బయట ఉండగానే దాని సద్దు కనిపెట్టి, మామ లేచి ముల్లు ఎత్తి పట్టుకునేవాడు. మాకెవరికీ వినిపించని బండి ఆయనకెలా వినిపిస్తుందో మాకు అర్థమయ్యేది కాదు.

రెండువేలు దాటాక నాకు మదనపల్లెకి బదిలీ అయింది, ఇంట్లోకి కంప్యూటరు వచ్చింది. ఫోను తీగకే ఇంటర్నెట్టు తగిలించే రోజులు అవి, నేను అందులో కూర్చుంటే తన ఎరువుల కొట్టుకి రావలసిన ఫోన్లు రావడం లేదని మా ఆయన గొణిగేవారు. ప్రపంచం నలుమూలలా ఉన్న జాజ్ పిచ్చివాళ్ళంతా కబుర్లు చెప్పుకునే గుంపు ఒకటి ఉందని మామ కనిపెట్టి, నన్నూ అందులో చేర్పించాడు. కలకత్తాలో ఒక పెద్దావిడ, స్కాట్లండులో బస్సు నడిపే ఒకాయన, ఇంకా ఎందరో. ఆ గుంపుకి ఒక ఆచారం ఉండేది. ఆదివారం సాయంత్రం ఎవరో ఒకరు ఒక రికార్డు ఎంచుతారు, అది ఉన్నవాళ్ళంతా ఎవరింట్లో వాళ్ళు ఒకే నిమిషాన ముల్లు పెడతారు, పాట సాగుతుండగా తోచింది టైపు చేస్తారు. ఎవరి ముఖం ఎవరికీ తెలియదు, కానీ అందరం ఒకే గదిలో కూర్చున్నట్టుండేది. అందులో మామకున్న గౌరవం ఇంకెవరికీ లేదు. డ్రమ్ము వాయించేవాడు పుల్లలు పక్కనపెట్టి తీగల కుంచె అందుకున్న క్షణం, పియానో వాడు తడబడి సర్దుకున్న చోటు, అందరికంటే ముందు ఆయనే రాసేవాడు. పగలంతా రాళ్ళు కోసే మిషన్ల మధ్య నిలబడే మనిషిని పట్టుకుని వాళ్ళంతా సందేహాలు అడుగుతుంటే నాకు గర్వంగా ఉండేది.

కొన్నాళ్ళకి మామ ఫోన్లో మాట్లాడటం మానేశాడు. నేను చేస్తే అత్త ఎత్తి, మామ పనిలో ఉన్నాడనేది. ఏదున్నా కంప్యూటర్లో రాయమని ఆయన రాసేవాడు. ఆదివారం ఆయన వంతు వచ్చినప్పుడల్లా పాత రికార్డులే ఎంచేవాడు. పెద్దవాళ్ళతో స్నేహం కుదిరాక మేనకోడలు చేదయిందని నేను ఉడుక్కున్నాను. ఆ కోపంతోనే వేసవి సెలవుల్లో ఒక ఆదివారం, చెప్పాపెట్టకుండా పుంగనూరు, పలమనేరు, వి.కోట మీదుగా బస్సులు మారి కుప్పం వెళ్ళాను.

అత్త తలుపు తీసి, నన్ను చూసి తెల్లబోయింది. లోపల మామ కంప్యూటరు ముందు, వీపు మాకు పెట్టి కూర్చుని ఉన్నాడు. పక్కన రికార్డు తిరుగుతోంది. ఇంతలో గూడ్సు బండి వచ్చింది. ఇల్లు అదిరింది. మామ లేవలేదు. ముల్లు ఎగిరి రికార్డు చివరి గీతలో పడి, అక్కడే తిరుగుతూ గరగరమని గీరడం మొదలుపెట్టింది. మామ మాత్రం ఎడమచేతి వేళ్ళతో బల్ల మీద తాళం వేస్తూనే ఉన్నాడు. నేను దగ్గరకు వెళ్ళి తెర చూశాను. ఇప్పుడు ట్రంపెట్ వస్తుంది, దాని వెనక డ్రమ్ము ఎలా తగ్గుతుందో వినండి అని గుంపుకి రాస్తున్నాడు.

మిషన్ల మోత ఆయన చెవులను తినేసిందని అత్త నాకు వంటింట్లో చెప్పింది. "శానా దినాలయింది పాపా. చెవి మిషన్ పెట్టుకుంటే మాటలు రవ్వంత తెలుస్తాండాయి, పాట మటుకు డబ్బాలో రాళ్ళు ఆడించినట్టుండాదంట. తీసి పారేసినాడు" అంది. మామ ఆ రికార్డులన్నీ గుర్తు మీదనే వింటున్నాడు. నన్ను చూసినప్పుడు ఆయన ముఖంలో సిగ్గు లేదు, భయం ఉంది. నా చెయ్యి పట్టుకుని, "ఆ గుంపులోళ్ళకి చెప్పొద్దు పాపా. ఫ్యాక్టరీలో, బజార్లో, ఈడ అందరికీ నేను చెవిటోడే. ఆ ఒక్క చోట కాదు. ఆ ఒక్కటీ ఉండనీ" అన్నాడు. అవతలవైపుకు తిరిగి ఏడ్చాను. ఆ గుంపులో ఎవరికీ చెప్పనని మాటిచ్చాను.

మామ ఏళ్ళ తరబడి వెతికిన రికార్డు ఒకటుండేది. ఆ గనుల ఊళ్ళో ఎంత తిరిగినా దొరకలేదు. కుప్పంలో నేను ఆ మాటిచ్చిన ఏడాదే, కలకత్తా పెద్దావిడ తన దగ్గరున్న దాన్ని పార్సిల్లో ఆయనకు పంపింది. నాకు ఎన్నాళ్ళు మిగిలాయో తెలియదు, ఇది మంచి చెవులున్న మనిషి దగ్గర ఉండాలని రాసిందట. మామ దాని అట్ట విప్పలేదు. అలాగే నాకు ఇచ్చి పంపాడు.

ఆదివారం సాయంత్రం గుంపు అంతా కంప్యూటరు తెర మీద ఒక కిటికీలో కబుర్లాడుతుంటే, పక్కన ఇంకో కిటికీ తెరిచి మామకు ఒక్కడికే ఆ రికార్డు వినిపించాను. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసేవాళ్ళం. వాద్యాల పేర్లు ఆయనకు నేనేం చెప్పగలను, అందుకని మనకు తెలిసినవి చెప్పాను. పుంగనూరు దాటాక ఎత్తెక్కేటప్పుడు బస్సు గేరు మార్చే ముందు ఒక్క క్షణం ఆగినట్టు ఆగాడు మామా, ఇప్పుడు రేకుల మీద తొలి చినుకులు పడుతున్నాయి, ఇంకా గట్టిగా కాదు, ఇప్పుడు ఎవరో వీధి చివర నుంచి పేరు పెట్టి పిలుస్తున్నారు, పలికేవాళ్ళు లేరు, అయినా పిలుస్తున్నారు. నా వేళ్ళు నొప్పిపుట్టి కాస్త ఆగితే ఆయన జవాబు వచ్చింది. "వినిపిస్తాండాది పాపా. ఆపొద్దు." రికార్డు తిప్పి రెండో వైపు పెట్టాను. కన్నీళ్ళతో తెర మసకబారినా ఆపలేదు. ఆ తరువాత ఆదివారాలు ఎన్నో, మళ్ళీ మొదటి నుంచి అని అడిగేవాడు, మళ్ళీ రాసేదాన్ని.

మామ ఒక వానాకాలంలో, డ్యూటీకి బయలుదేరుతూ గుమ్మంలోనే గుండె ఆగి పోయాడు. కర్మలు అయ్యాక గుంపుకి నేనే రాశాను. ఆ ఆదివారం ఆయన పేరు మీద ఉన్నవాళ్ళంతా ఆ కలకత్తా రికార్డే పెట్టుకున్నారు. ఆ రికార్డు లేనివాళ్ళు కూడా వచ్చి ఊరికే కూర్చున్నారు. పాట అయిపోయాక స్కాట్లండు బస్సు డ్రైవరు, మా అందరిలోకీ మంచి చెవులు ఆయనవే అని రాశాడు. అవునని ఒకరి తరువాత ఒకరు రాశారు. అందరూ రాసేదాకా ఆగి, నేనూ అవునని రాశాను.

కలకత్తా ఆవిడ ఆ మరుసటి ఏడు పోయింది. తరువాత ఆ కబుర్ల చోటునే కంపెనీ వాళ్ళు మూసేశారు, మేము రాసుకున్నదంతా దానితోనే పోయింది, బస్సు డ్రైవరు ఉన్నాడో లేడో తెలుసుకునే దారి లేదు. ఒకనాడు ఒక్క రికార్డు కోసం మామ ఇల్లిల్లూ తిరిగాడు, ఇవాళ వేలు తగిలిస్తే లోకంలో ఉన్న పాటంతా వస్తుంది, ఎవరికీ ఎవరి కోసమూ ఒకే నిమిషాన ముల్లు పెట్టవలసిన పని లేదు. నేను ఇంతకాలం ఈ సంగతి ఇంట్లో కూడా చెప్పలేదు. ఇవాళ మీతో చెప్పేశాను. మామకిచ్చిన మాట తప్పినట్టు కాదు, ఎవరికి చెప్పొద్దన్నాడో ఆ గుంపే ఇప్పుడు లేదు.