కొత్తకోటలో తెగిన బెల్టు

అడగని సంగతి చెప్పకపోవడం కూడా దాచడమేనా? పెళ్ళయినప్పటి నుంచీ ఈ ప్రశ్న నాతోనే ఉంది.

ఈ రోజు అత్తమ్మ కళ్ళు డాక్టరుకు చూపించి పాలమూరు నుంచి వనపర్తికి వస్తుంటే, కొత్తకోట దగ్గర మా మారుతి నడుస్తూ నడుస్తూనే ఆగిపోయింది. "ఇంకోసారి ఆగిందంటే అమ్మేద్దాం" అని మావారు పోయిన నెలే తేల్చేశారు. కారు పోతే గద్వాల కాలేజీకి నాకు మళ్ళీ బస్సే గతి.

రోడ్డు పక్కనే షెడ్డున్న మెకానిక్ యూసుఫ్ ఆయిల్ మూత తీసి లోపలికి చూస్తూ నన్ను తాళం తిప్పమన్నాడు. లోపల ఏదీ కదల్లేదట.

"టైమింగ్ బెల్టు తెగింది మేడం. వాల్వులు వంగినయో లేదో నాకు గూడ తెల్వదు."

"మా ఎడ్లబండికి ఇసొంటి బీమారీలు లేకుండె," అంది అత్తమ్మ.

కొత్త బెల్టు వేశాక అతను పానా నా చేతిలో పెట్టాడు. ఎవరి బండి ఇంజన్‌ను వాళ్ళే మొదట పానాతో తిప్పి చూడాలన్నది అతని షెడ్డు పద్ధతి.

"జర మెల్లగ తిప్పుండ్రి. ఏడనన్న తట్టుకుంటే ఇంజన్ విప్పుడే."

మెల్లగా తిప్పాను. ఎక్కడా తట్టుకోలేదు. తాళం తిప్పగానే ఇంజన్ అందుకుంది.

ఇంటి ముందు దిగుతూ అత్తమ్మ నా చెయ్యి పట్టుకుంది. "వాడు అడిగితే చెప్తం. అడగకుంటే మనకెందుకమ్మా?"

ఆయన వచ్చే వేళయింది. నా గోళ్ళలో గ్రీజు ఇంకా పోలేదు. మీరైతే ఏం చేస్తారో గానీ, చెప్పాలో వద్దో నేను మాత్రం ఇంకా తేల్చుకోలేదు.