పొయ్యి మొహం చూడని పులుసు

మా తెనాలివాళ్లం వంట గురించి ఎవరూ అడక్కపోయినా చెబుతాం. ఎనభైల్లో ఒక ఎండాకాలం మొదట్లో పసుపు కొనడానికి ఆర్మూరు వెళ్లి, అక్కడివాళ్లకూ ఆ సేవ చేసి వచ్చాను.

పసుపు చూపించిన రైతు మధ్యాహ్నం నన్ను భోజనానికి ఇంటికి తీసుకెళ్లాడు. వాళ్లమ్మ రాజవ్వ అప్పుడే చేను నుంచి వచ్చింది. మక్క గటక, అదే మొక్కజొన్న రవ్వ సంకటి, పెట్టి, పచ్చిపులుసు పోసింది. చింతపండు నీళ్లలో పచ్చి ఉల్లిపాయలు, కాల్చిన మిరపకాయలు పిసికిందంతే. ఆ పులుసు పొయ్యి మొహం చూడలేదు. ఊరంతా పసుపు కొమ్ములు ఎండుతున్నాయి, గిన్నెలో మాత్రం చిటికెడు పసుపు లేదు!

"పెద్దమ్మగారూ, పులుసంటే మరగాలండీ. పసుపు పడాలండీ" అని మొదలుపెట్టి, ఇంగువ పోపు దాకా విడమరిచి చెప్పాను.

రాజవ్వ ఓపికగా వింది.

"పొద్దుగాల్నుంచి చేన్ల పసుపు ఉడకవెట్టుకుంట, పొయ్యి కాడ నేనే ఉడికిన బిడ్డా. ఇంటికొచ్చి మళ్ల పులుసు గూడ ఉడకవెట్టాల్నా? జర కడుపుల సల్లగుంటదనే గదా గిది తాగేది" అంటూ రెండు చేతులూ చాపింది. మోచేతుల దాకా పసుపే. "గింత సాలదా, గిన్నెల గూడ ఎయ్యాల్నా?"

నేను మూడుసార్లు పోయించుకున్నాను. పరిశీలన కోసమే లెండి.

ఇంటికొచ్చి అలాంటిదే చెయ్యమని మా ఆవిడకు చెప్పాను.

"పచ్చి పులుసేమిటండీ? మరగాలి, పసుపు పడాలి" అని తనూ పోపు దాకా చెప్పుకొచ్చింది.

జవాబుగా నా చేతులు చాపబోయి ఆగిపోయాను. శుభ్రంగా ఉన్నాయి.