లీజులో రాయని పేరు

మా సెనేటర్ గారు పోయారని ఆయన కూతురు ఫోన్ చేసి చెప్పింది. "శుక్రవారం అందరూ చూడ్డానికి వస్తారు. నాన్నతో ఏడేళ్ళు పనిచేశారు కదా, మీరు నాలుగు మాటలు మాట్లాడాలి," అంది. "నా వల్ల కాదమ్మా," అన్నాను. ఏడుస్తున్నాననుకుని ఊరుకుంది పాపం. నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది, అదీ పోయిన మనిషి మీద. అందుకే అక్కడ చెప్పలేనివి ఇక్కడ, మనవాళ్ళ పత్రికలో రాస్తున్నాను.

ఆయన ఐర్లండ్‌లో పుట్టి, పద్దెనిమిదేళ్ళకి న్యూజెర్సీ వచ్చి, ఊళ్ళో అద్దె ఇళ్ళు తనిఖీ చేసే ఉద్యోగంతో మొదలుపెట్టారు. అద్దెకుండేవాళ్ళ చేత సంఘాలు పెట్టించి, వాళ్ళ ఓట్లతోనే రాష్ట్ర సెనేట్‌కి వెళ్ళారు. చీర కట్టుకుని ఇంటర్వ్యూకి వెళితే రిసెప్షన్ దాటనివ్వని రోజులవి. పంతొమ్మిదివందల డెబ్భై ఎనిమిదిలో ఆయన మాత్రం "టైపింగ్ వచ్చా? అయితే కూర్చో," అన్నారు. ఆ ఉపకారం నేను మరిచిపోలేదు. ముందే చెబుతున్నాను, తర్వాత నన్ను తిట్టుకోకండి.

ఎవరింటికి వెళ్ళినా హలో చెప్పకముందే, గదిని వెచ్చబరిచే ఇనప రేడియేటర్ మీద అరచెయ్యి పెట్టి చూసేవారు. "మనుషులు మొహమాటపడి బాగానే ఉందంటారు. ఇనుముకి మొహమాటం లేదు," అనేవారు. మా ఇంటికీ అలాగే వచ్చారు. మా అమ్మ పెసరట్టు వేసి పెడితే దాని మీద పంచదార చల్లుకుని తిన్నారు. అమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుని, "అయ్యో రాత, అల్లప్పచ్చడి ఎదురుగా పెట్టుకుని ఇదేం తిండే!" అంది. నన్ను చూసి ఆయన కూడా ఆమెను "అమ్మా" అనే పిలిచేవారు. చిన్నప్పుడు తమని ఇంట్లోంచి గెంటేస్తే వాళ్ళమ్మ మంచం వర్షంలో రోడ్డు మీద నానిపోయిందని ఆ పూటే చెప్పారు. నేను తెలుగులో చెబుతుంటే అమ్మ కళ్ళు తుడుచుకుంది.

ఇక మన తెలివితేటల సంగతి. మా బిల్డింగులో తెలుగు కుటుంబాలు తొమ్మిది. ఒక్కో అపార్ట్‌మెంటులో ఎంతమంది ఉంటున్నారో మేనేజరు లెక్కపెట్టి, ఎక్కువైతే పొమ్మంటాడని అందరికీ హడల్. అందుకని లీజులో మొగుడూ పెళ్ళాం పిల్లల పేర్లు రాసి, పెద్దవాళ్ళ పేర్లు ఎగ్గొట్టేవాళ్ళం. మేనేజరు తలుపు కొడితే అమ్మ "గెస్ట్, గెస్ట్" అనాలి. ఆ ముక్క నేర్పింది నేనే. ఐదేళ్ళపాటు కన్నకూతురి ఇంట్లో చుట్టంలా బతికింది.

ఎనభయ్యో సంవత్సరం దాటాక ఓనర్లు అద్దె బిల్డింగుల్ని ఫ్లాట్లుగా అమ్మడం మొదలుపెట్టారు. కొనలేనివాళ్ళు ఖాళీ చెయ్యాలి. సెనేటర్ గారు ఒక బిల్లు తెచ్చారు: అరవై దాటినవాళ్ళున్న ఇంటిని ఖాళీ చేయించకూడదు, అయితే వాళ్ళ పేరు లీజులో ఉండాలి. నేను సిగ్గు చంపుకుని మా బాగోతం చెప్పాను: అమ్మకి అరవై దాటాయి, లీజులో పేరు లేదు, ఇప్పుడు చేర్చమంటే ఓనరు చేర్చడు. ఆయన పకపకా నవ్వి, "మావాళ్ళు అత్తల్ని మంచాల కింద దాచేవారు," అన్నారు. పేరు లేకపోయినా అక్కడే ఉంటున్నట్టు రుజువుంటే చాలని ఆ వెంటనే ఒక లైను చేర్చారు. ఇంటికెళ్ళి, "నీ వల్లే మన ఇల్లు నిలబడుతుందే అమ్మా," అన్నాను. "చాల్లే సంబడం," అంది గానీ మొహం వెలిగిపోయింది.

ఓటింగు రోజు పొద్దున రాజధానిలో ఆయన గదిలో టైప్‌రైటర్ ముందు కూర్చుని ఉన్నాను. ఆయన లోపలికి వచ్చి, నా వైపు చూడకుండా, "ఆ లైను తీసేసి మళ్ళీ టైప్ చెయ్యి. అది ఉంటే ఓట్లు చాలవు," అన్నారు.

"మరి అమ్మ?"

"ఇప్పుడు కాపాడగలిగినవాళ్ళని కాపాడనీ. వచ్చే ఏడాది ఆ లైను తెస్తాను. మాటిస్తున్నాను."

టైప్ చేశాను, ఈ చేతులతోనే. బిల్లు గెలిచింది, చప్పట్లు మోగాయి. ఆ వచ్చే ఏడాది మాత్రం రాలేదు. ముందు ఎన్నికలన్నారు, తర్వాత ఇంకో కమిటీ అన్నారు. అడిగినప్పుడల్లా "గుర్తుంది" అనేవారు. గుర్తుండి ఏం లాభం?

తొమ్మిది ఇళ్ళూ ఖాళీ చేశాం. మా పక్కింటి పోలిష్ ముసలావిడ, లీజులో పేరున్న మనిషి, ఆయన చట్టం పుణ్యమా అని ఆఖరిదాకా అక్కడే ఉంది. ఆవిడ ఉన్నందుకు నాకు సంతోషమే. ఆ మాట అనగలగడానికి ఏళ్ళు పట్టింది.

మేము వేరే ఊళ్ళో ఒక లాండ్రీ షాపు పైన రెండు గదుల్లో చేరాం. అక్కడ అమ్మకి పలకరించే దిక్కు లేదు. "ఆ బాబు అంత పెద్దాయన కదే, ఒక్క మాట అడగలేకపోయావా?" అనేది. ఆ లైను తీసేసింది నేనేనని ఏ నోటితో చెప్పను? చెప్పలేదు. రెండో చలికాలంలో పోయింది.

ఆయన వచ్చారు. అలవాటు ప్రకారం రేడియేటర్ మీద చెయ్యి వేశారు. మంచులా ఉంది. అక్కడే నిలబడి ఓనరుకి ఫోన్ చేసి కేకలేశారు. మర్నాటికి ఇల్లంతా వెచ్చబడింది. ఆ వెచ్చదనంలో కూర్చుని ఆయన్ని తిట్టుకున్నంతగా నా జన్మలో ఎవర్నీ తిట్టుకోలేదు. ఆ నెలాఖరుకి ఉద్యోగం మానేశాను. ఎందుకని ఆయన అడగలేదు.

శుక్రవారం వెళ్ళాను. వేలమందికి గూడు నిలబెట్టిన మహానుభావుడని ఒకరి తర్వాత ఒకరు చెప్పారు. అబద్ధం కాదు. గుమ్మం దగ్గర, వచ్చినవాళ్ళు పేర్లు రాసే పుస్తకం ఉంది. నా పేరు రాశాను. దాని కింద మా అమ్మ పేరు ఇంటిపేరుతో సహా, ఒక్క అక్షరం వదలకుండా రాశాను. నా వెనక వరసలో నిలబడ్డ పెద్దాయన అది చూసి, అటూ ఇటూ వెతికి, "ఈవిడెవరమ్మా?" అని అడిగాడు.

"మా అమ్మ. మా ఇంట్లోనే ఉండేది," అన్నాను.