పన్నులో పురుగు

మా పుంగనూరు ఇంట్లో ఎవరికి పన్ను నొప్పి వచ్చినా పురుగు పడిందనే అనేవాళ్లం. పురుగులు రాలిపోతాయని అమ్మ ఒకసారి పన్నుకు వాకుడు ముళ్ల చెట్టు గింజల పొగ కూడా పట్టించుకుంది. దాన్ని ఎవరూ పిచ్చి అనలేదు. అదే మాట అక్క అనేసరికి పిచ్చి ముదిరిందనుకున్నాం.

అక్కకు చాలా ఏళ్లుగా మానసిక జబ్బు. నెలనెలా మదనపల్లెలో డాక్టరు దగ్గరికి బస్సులో తీసుకుపోయేది నేనే. ఆ మాత్రలకు నోరు ఎండిపోయి, పొద్దస్తమానం చక్కెర బిళ్లలు చప్పరించేది. అవి కొనిచ్చిందీ నేనే. పళ్లు తోముకోమని చెప్పి చెప్పి విసుగొచ్చి ఆ సంగతి వదిలేశాను.

తొంభైల చివర్లో ఒక రోజు దవడ పట్టుకుని, "ఈడ పురుగు పాకతాండాదప్పా" అంది. ఆ నెల డాక్టరుతో, నోట్లో పురుగు పాకుతోందంటోంది సార్ అని చెప్పాను. పన్ను అన్న మాట నా నోట రాలేదు. ఆయన మాత్ర పెంచాడు.

అక్క మళ్లీ పురుగు మాట ఎత్తలేదు. గుణం కనిపించిందని అమ్మ సంతోషపడింది. నాకూ హాయిగానే ఉండింది, అబద్ధమెందుకు. మూడు నెలలకు అక్క చెంప వాచి కన్ను సగం మూసుకుపోయింది.

మా ఊళ్లో పళ్ల డాక్టరు మాత్రల చీటీ చూడగానే వెనక్కిచ్చేశాడు. "కుర్చీలో గలాటా చేస్తే ఎవరప్పా పట్టుకునేది? మదనపల్లెకు పిల్చుకోని పో" అన్నాడు. మళ్లీ అదే బస్సు. కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేదు నాకు.

మదనపల్లెలో పళ్ల డాక్టరమ్మ అక్కను కుర్చీలో కూర్చోబెట్టింది. అక్క ఏ గలాటా చేయలేదు. లోపల చీము చూసి డాక్టరమ్మ నావైపు తిరిగింది.

"ఇన్ని దినాలు నొప్పి అని చెప్పనే లేదా?"

చెప్పిందని నేను అనలేకపోయాను. ఆమె అక్కనే అడిగింది.

"యాడ నొప్పిగా ఉండాదో చూపించమ్మా."

అక్క నోరు మూసేసుకుంది. నన్నొకసారి చూసి, వాచిన చెంపను చేత్తో కప్పుకుని మెల్లగా చెప్పింది.

"నొప్పేమీ లేదమ్మా. నాకు బాగుండాది. మాత్ర పెంచొద్దండి."