బిడ్డ పక్క కింది కత్తి: చింతామణి నుంచి బాగేపల్లికి చుట్టుదారిలో

నా పేరు చౌడమ్మ. వయసు డెబ్బై నాలుగని ఆధార్ కార్డు చెబుతుంది. నన్నడిగితే ఇంకో రెండు ఎక్కువే. ఊరు చింతామణి. ఇంట్లో నేను, నా కొడుకు, కోడలు సరోజ, పురిటికి వచ్చిన మనవరాలు హేమ, దాని మూడు నెలల బిడ్డ. నాకు చదువు రాదు. హేమ తాను తిరిగిన ఊర్ల గురించి ఫోన్లో రాస్తుంటుంది. ఏ బస్సెక్కాలి, ఎంతవుతుంది, ఎక్కడ తినాలి అని అందులో చూసుకుని చాలామంది బయల్దేరుతారట. బిడ్డ పుట్టినప్పటి నుంచి అది గడప దాటలేదు, అందుకని ఈసారి నా ప్రయాణం రాయమన్నాను. నేను చెప్పింది చెప్పినట్టే రాయాలని, నా పరువు కాపాడే పని పెట్టుకోవద్దని కూడా చెప్పాను.

నాకు కత్తుల పిచ్చి. పన్నెండేళ్లప్పుడు జంగమకోటె దగ్గర ఒకరి పట్టుపురుగుల ఇంట్లో కూలికి చేరాను. చిన్న పురుగులకు మల్బరీ ఆకును దారాల్లాగా సన్నగా తరిగి వేయాలి. వాళ్లిచ్చింది మొద్దు కత్తి. దాంతో ఆకు తెగేది కాదు, నలిగేది. నలిగిన ఆకు పురుగు ముట్టదని తిట్లు నాకు పడేవి. మొదటి కూలి చేతికి రాగానే నేను కొన్నది చీర కాదు, కత్తి. అక్కడితో ఆగి ఉండాల్సింది. ఈ ప్రయాణం పెట్టుకునేనాటికి నా దగ్గర కూరగాయల కత్తులు, కొబ్బరికాయలు కొట్టే మచ్చులు, కొడవళ్లు, అన్నీ కలిపి నలభై ఏడు. ఇంట్లో వాళ్లకు తెలిసినవి ఇరవై. మిగతావన్నీ అటక మీద, పాత పురుగుల తట్టల వెనక, గోనెసంచిలో. వాటితో ఏమీ కోయను. ఇంట్లో ఎవరూ లేనప్పుడు దింపి, తుడిచి, ఒక్కొక్క పిడీ అరచేతిలో పెట్టి చూసుకుంటాను. అంతే.

ఇక అసలు సంగతి. ఏడు నెలల క్రితం ఒక కొడవలికి పదును పెట్టించడానికి బాగేపల్లి దగ్గర ఒక కొలిమికి పోయాను. కమ్మరి పేరు నాగరాజాచారి, ముప్పై ఏళ్లుంటాయి. అతని భార్య మమత అప్పుడు పచ్చి బాలింత. చూద్దామని లోపలికి పోతే బిడ్డ పక్క కింద ఒక చిన్న కత్తి కనబడింది. బాలింత ఇంట్లో బిడ్డ కింద ఇనుము పెట్టడం మా వైపు అందరూ చేసేదే. కానీ అది అలాంటి ఇలాంటి ఇనుము కాదు. జానెడు కూడా లేదు, చింతకర్ర పిడి, వీపు మీద నీటిచార లాంటి గీత. బిడ్డ బొడ్డు కోయడానికని తండ్రి తన చేతులతో చేసిన కత్తి. ఆసుపత్రిలో దాంతో కోయనివ్వరు కదా, అందుకని పక్క కింద పెట్టుకున్నారు. అది నాది కావాలనిపించింది. "ఏమమ్మా, దీనికి తుప్పు తగిలిండాదే! తుప్పినుము బిడ్డ కింద పెట్టకూడదని ఎవురూ చెప్పలేదా?" అన్నాను. పెద్దదాన్ని చెబితే ఆ పిల్ల భయపడిపోయింది. నా సంచీలో ఉన్న ప్లాస్టిక్ పిడి కత్తి ఒకటి దాని బదులు పెట్టి, ఆ కత్తి తీసుకుని వచ్చేశాను. కమ్మరి బయట తిత్తి దగ్గర ఉన్నాడు, చూడలేదు.

హేమకు బిడ్డ పుట్టగానే నేనే ఆ కత్తిని దాని పక్క కింద పెట్టాను. "ఎంత బాగుండాది అవ్వా, యాడ కొన్న్యావు?" అంది హేమ. "సంతలో" అన్నాను. ఆ తర్వాత బిడ్డను ఎత్తుకున్నప్పుడల్లా ఆ పక్క వైపు చూడలేకపోయాను. మూడు నెలలు ఓర్చుకున్నాను. పోయిన వారం పొద్దున్నే కత్తిని తీసి పాత చీరముక్కలో చుట్టుకుంటే హేమ చూసింది. పదును పెట్టించుకొస్తానన్నాను. "బిడ్డ కింద పెట్టే కత్తికి పదునేంటికవ్వా?" అని అది అడిగితే, నోరు మూసుకుని బిడ్డకు పాలివ్వమని గదమాయించి బయటపడ్డాను. దానికీ అబద్ధమే చెప్పాను.

చింతామణి నుంచి ఆ కొలిమికి చేళూరు మీదుగా పోయే ప్రైవేటు బస్సు ఉంది. ఎనభై రూపాయలు, రెండు గంటలలోపే. కొలిమి ముందే ఆగుతుంది. నేను దాన్ని ఎక్కలేదు. సర్కారు బస్సులో ఆడవాళ్లకు టికెట్ లేదు కదా, డబ్బు మిగులుతుందని నాకు నేనే చెప్పుకుని ఏడున్నరకు శిడ్లఘట్ట మీదుగా పోయే చిక్కబళ్ళాపురం బస్సు ఎక్కాను. సంచీ చూసి కండక్టరు, "యాడికవ్వా ఇంత పొద్దున్నే? ఏందో గలగలంటాండాది!" అన్నాడు. "నీ ఉద్యోగం టికెట్ చింపేది, నా సంచీ చూసేది కాదప్పా" అన్నాను. నవ్వి, ఆధార్ చూసి, సున్నా టికెట్ చేతిలో పెట్టాడు. తొమ్మిది కాకముందే దిగాను. చుట్టుదారి పట్టింది డబ్బు మిగలాలని కాదని ఆ బస్సులో కూర్చున్నంతసేపూ నాకు తెలుసు. చిక్కబళ్ళాపురం బస్‌స్టాండు బయట టార్పాలిన్ పరిచి కత్తులమ్మే మనిషి ఒకడున్నాడు. వాడి కోసం.

"రా అవ్వా రా! నిన్ను చూసి ఎన్ని దినాలాయె! మీ కోడలు కట్టేసిందా ఏమి?"

"నన్ను కట్టేసే తాడు ఇంకా పుట్టలేదులేప్పా."

"అట్లయితే ఈ వంకర కత్తి చూడు. ద్రాక్షతోటలోళ్ల కోసం తెప్పించినా. గుత్తి చేతిలో పడేదే గాని, కోసినట్టే తెలీదు."

"నాకు ద్రాక్షతోట లేదు."

"తోట ఉన్నోళ్లే కొంటారా ఏమి?"

చూసి పోదామనుకున్నాను. పిడి అరచేతిలో కూర్చుంది. నూట ఇరవై ఇచ్చాను. బస్సులో మిగిలిందనుకున్న డబ్బుకు పైన ఇంకో నలభై. అబద్ధంతో తెచ్చిన కత్తిని తిరిగి ఇవ్వడానికి పోతూ దారిలో ఇంకో కత్తి కొన్న ముసలిదాన్ని మీరెవరైనా చూశారా? బస్‌స్టాండు పక్క హోటల్లో ఇరవై రూపాయలకు రెండు ఇడ్లీలు తీసుకున్నాను. తొమ్మిదిన్నరకు బాగేపల్లి బస్సు, పెద్ద రోడ్డే కాబట్టి కుదుపు లేదు. పదకొండు కాకముందే దిగి, చేళూరు రోడ్డులో పోయే ఆటోలో ముప్పై రూపాయలిచ్చి కొలిమి దగ్గర దిగాను. ఆటో అతను, "కొలిమికా అవ్వా? ఆడ చేసేది తుప్పు పడతాదంట, బాగేపల్లిలోనే కొనుక్కో" అన్నాడు. ఆ మాట ఎక్కడో విన్నట్టుందే అనుకున్నాను. దిగాక గుర్తొచ్చింది, అది నా మాటే.

ఏడు నెలల క్రితం ఆ కత్తి తీసుకుని ఇంటికి వస్తుంటే, చేళూరు బస్సులో పక్కనున్న ఆడవాళ్లు నా చేతిలో కత్తి చూసి ఎక్కడిదని అడిగారు. చెబితే, బొడ్డుకత్తిని ఆ ఇంటి గడప దాటించకూడదు కదా, నీకెట్ల ఇచ్చారని నిలదీశారు. నన్ను నేను కాపాడుకోవడానికి, ఆ కొలిమి ఇనుము తుప్పు పడుతుందని, బిడ్డకు మంచిది కాదని నేనే తీసేశానని చెప్పాను. బస్సంతా వినేలాగా చెప్పాను. నా గొంతు చిన్నది కాదు.

కొలిమి దగ్గర ముగ్గురు రైతులు కూర్చుని ఉన్నారు. ఆచారి ఎర్రగా కాలిన ఇనుమును కొడుతున్నాడు. "ఏం తెచ్చినావవ్వా? పదును పెట్టల్లా?" అన్నాడు తల ఎత్తకుండానే. చీరముక్క విప్పాను. సుత్తి ఆగింది. కత్తిని తీసుకుని, వెలుతురులో అటూ ఇటూ తిప్పి, లోపలికి చూసి మమతను పిలిచాడు. ఆ పిల్ల బిడ్డను చంకనేసుకుని వచ్చింది.

"ఈ అవ్వనే. నేను చెప్తే నమ్మితివా నువ్వు? కొలిమింట్లో కత్తికి తుప్పంటే నమ్మేదానివి నువ్వొకదానివే అంటివి" అంది మొగుడితో.

ఆచారి కత్తిని నా ముందుకు చాపాడు. "యాడుండాది అవ్వా తుప్పు? చూపియ్. ఏడు నెలల్నించి నేనూ వెతుకుతాండా, నీళ్లలో ముంచేటప్పుడు తప్పు చేసినానా, ఇనుమే చెడ్డదా అని. బస్సులో ఎవురో చెప్పినారంట. కొడవలి చేయించుకునే వాళ్లు, తుప్పు పట్టదు గదా ఆచారీ అని అడిగి పోతాండారు. కొందరు రాకనే పోతాండారు."

ముగ్గురిలో ఒక రైతు, "నేనూ అడిగినా" అని నేల చూశాడు.

నేను జీవితంలో చాలామందిని తిట్టాను. తిట్టించుకోవడానికి నిలబడింది ఇదే మొదలు. "తుప్పు లేదప్పా. ఆ పొద్దూ లేదు, ఈ పొద్దూ లేదు. నాకు ఆ కత్తి కావాల్సొచ్చింది, అబద్ధం చెప్పినా. బస్సులో చెప్పింది కూడా నేనే" అన్నాను. చెబుతూ కొంగు సర్దుకుంటే సంచీ జారి, ద్రాక్ష కత్తి బయట పడింది. ఆచారి దాన్ని తీసి గోటితో మీటాడు. "ఇది ఎప్పుడు కొన్న్యావు?"

"పొద్దున. చిక్కబళ్ళాపురంలో."

రైతులు పకపకా నవ్వారు. మమత నవ్వలేదు. ఆచారీ నవ్వలేదు. చింతకర్ర పిడి కత్తిని నా ముందు, ఇనుము కొట్టే దాగలి మీద పెట్టి, "నాకు కాదవ్వా ఇచ్చేది. ఎవరి తావ తీసుకున్న్యావో వాళ్లకియ్యి" అన్నాడు.

కత్తిని చేతి నుంచి చేతికి ఇవ్వకూడదు. నేల మీద పెడితే వాళ్లు తీసుకోవాలి. ఆ పిల్ల ముందు గొంతుక్కూర్చున్నాను. పెట్టాలి, అంతే. నా వేళ్లు ఊడిరాలేదు. అందరూ చూస్తూనే ఉన్నారు. పిడి అరచేతిలో చల్లగా ఉంది. అంత సిగ్గులోనూ, ఇలాంటిది ఇంకోటి దొరకదే అనే ఆలోచన వచ్చింది నాకు. "అవ్వా, పెట్టు" అంది మమత మెల్లగా. పెట్టాను.

ఆమె కత్తి తీసుకుని లోపలికి పోయి, నా ప్లాస్టిక్ పిడి కత్తిని తెచ్చి నా ముందు పెట్టింది. "ఇది నీది, తీస్కపో. నువ్వు పెట్టినప్పట్నించి దీన్నే బిడ్డ కింద పెట్టినా. పెద్దదానివి చెప్పినావు గదా" అంది.

కోపంగా అని ఉంటే మేలు. మామూలుగా అంది. ఆ ప్లాస్టిక్ కత్తిని సరోజ ఉల్లిపాయలకు కూడా పనికిరాదని పారేయబోతే నేను దాచింది.

ఒంటిగంటకు చేళూరు మీద పోయే బస్సు వచ్చింది. ఎక్కబోతుంటే ఆచారి, "బస్సులో చెప్పిన మాట యాడ యాడికో పాయె గదవ్వా. దాన్ని ఎట్ల మళ్ళీ తెస్తావు?" అన్నాడు. ఎనభై రూపాయలిచ్చి కూర్చున్నాను. మూడు కాకముందే ఇంట్లో ఉన్నాను. హేమను, సరోజను కూర్చోబెట్టి అంతా చెప్పాను. అటక మీద గోనెసంచీ కూడా దింపించాను. సరోజ లెక్కపెట్టి పొయ్యి దగ్గరికి పోయింది. నేను ప్లాస్టిక్ పిడి కత్తిని కడిగి మా బిడ్డ పక్క కింద పెట్టాను. "ఇన్ని పెట్టుకొని అదేనా?" అని అప్పుడు అరిచింది సరోజ. "అదే. ఇంకోరి బిడ్డకు సరిపోయింది మన బిడ్డకు సరిపోదా?" అన్నాను.

కత్తులు ఇప్పుడు నలభై ఎనిమిది. ద్రాక్ష కత్తిని దాచలేదు, లెక్కలోనే ఉంది. ఆశ చచ్చిందని చెప్పను. ఈ మాటలు చెబుతుండగా కూడా వీధిలో సానపట్టేవాడి చక్రం చప్పుడు వినబడితే నా తల అటే తిరిగింది. హేమ రాయడం ఆపి నన్ను చూసింది. కత్తుల మీద ఆశ ఒకటైతే, దాని కోసం నా తలనెరుపును వాడుకోవడం ఇంకొకటి. మొదటిది రోగం. రెండోది నేను చేసిన పని. ఆ పిల్ల నన్ను నమ్మింది తుప్పు చూసి కాదు, నా వయసు చూసి. ఆచారి అడిగినదానికి నా దగ్గర ఉన్న జవాబు ఇదొక్కటే: ఆ కొలిమి కత్తికి తుప్పు లేదు, ఉందని చెప్పింది నేను, అది అబద్ధం. నేను మాట్లాడితే ఒక బస్సు వింటుంది, హేమ రాసేది అంతకంటే దూరం పోతుందట. పోనీ.

బాగేపల్లి వైపు వచ్చేవాళ్లకు ఒక మాట. ఆ కొలిమి బాగేపల్లి నుంచి చేళూరు రోడ్డులో ఆరు కిలోమీటర్లు, ఎడమ చేతి వైపు, రేకుల కప్పు. పొద్దున ఎనిమిదికి వెలిగిస్తాడు, అమావాస్య నాడు వెలిగించడు. చింతామణి నుంచైతే చేళూరు బస్సే ఎక్కండి, చిక్కబళ్ళాపురం మీదుగా పోవద్దు. నాలాంటి రోగం ఉంటే పదును పోయిన కత్తి ఒకటి, పదునుకూ రాను పోను టికెట్లకూ సరిపోయే డబ్బు, అంతే పెట్టుకుని పోండి. తుప్పు పడుతుందా అని మాత్రం అతన్ని అడగవద్దు.

ఇది నా ఎడమ బొటనవేలి ముద్ర. కాగితం మీద వేసి ఇచ్చాను, హేమ ఫోటో తీసి కింద పెట్టింది. చదివి వినిపించాక వేశాను.

చౌడమ్మ, వేలిముద్ర
సాక్షులు: కోడలు సరోజ, మనవరాలు హేమ, రాసినది