పెళ్లి నాడు మోగిన చావు గంట

పోయిన నెల మా ఊరంతా కదిలి ఒక చావుకి వచ్చింది. చచ్చినోళ్ళు మాత్రం ఎవరూ లేరు. ఆ ఘనకార్యం నాదే! నవ్వితే నవ్వండి గానీ టీ మాత్రం ఒలకబోసుకోకండి, మొదటి నుంచీ చెప్తా.

మాది రాజంపేట పక్కన పల్లె. సెల్‌ఫోన్లు రాకముందు నుంచీ మా ఊరికి కబురు చెప్పేది చర్చి గంటే. ఆరాధనకీ పెళ్లికీ గబగబా మోగుతుంది. ఎవరైనా పోతే ఒక దెబ్బ, కాసేపు నిశ్శబ్దం, మళ్ళీ ఒక దెబ్బ. అది వినబడితే చర్చికి వచ్చేవాళ్ళూ రానివాళ్ళూ అందరూ చేతిలో పని వదిలేసి వస్తారు. సమాధి తవ్వేవాళ్ళు గడ్డపారలతో సహా వస్తారు.

నలభై ఏళ్ళు ఆ తాడు లాగింది మా పెదనాయన సామేలు. కుడి భుజం పట్టేసి, చెయ్యి పైకెత్తొద్దని డాక్టరు చెప్పాక కూడా తాడు ఇంకొకరి చేతికివ్వడానికి ఆయనకు మనసొప్పలేదు. అప్పుడు నేను రంగంలోకి దిగాను. రాజంపేటలో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాను కదా, ఆ మాత్రం పొగరు ఉండదా! చర్చి ఆఫీసులో ఉన్న పాత కంప్యూటర్‌కి ఒక మోటారు, మోటారుకి ఒక సుత్తి తగిలించి, సొంతంగా ఒక ప్రోగ్రాం రాసి, బటన్ నొక్కితే మళ్ళీ ఆపేదాకా గంట మోగేలా చేశాను. ఎనిమిదేళ్ళు ఒక్క దెబ్బ తప్పలేదు. పెదనాయన మాత్రం ఆ బటన్ నొక్కిన ప్రతిసారీ ఎవరింటికో పిలవని భోజనానికి పోయినట్టు ముఖం పెట్టేవాడు.

పోయిన నెల ఆయన కూతురు జ్యోతి పెళ్లి. పాటలన్నీ పెద్ద స్క్రీన్ మీద చూపించాలని నాకు దురద పుట్టింది. పాటల సాఫ్ట్‌వేరేమో పాత సిస్టంలో ఎక్కనంది. సరేనని ముందురోజు మధ్యాహ్నం ఆపరేటింగ్ సిస్టం మొత్తం కొత్తది వేసేశా.

"బాగా పనిచేసే దాన్ని ఎందుకు కదిలిస్తాండావు పాపా?" అన్నాడు పెదనాయన.

పాతదైపోయింది పెదనాయనా, నీకు తెలీదులే అన్నాను. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో మోగుతోంది.

పాటలు చూశా, స్పీకర్లు చూశా, గంట మాత్రం చూడలేదు. ఎట్లా చూస్తాం? ఊరికే టెస్టింగ్‌కని మోగిస్తే ఊరు వచ్చేస్తుంది! ఏ సాఫ్ట్‌వేర్‌నైనా టెస్ట్ చేయొచ్చు గానీ చర్చి గంటని చేయలేం.

పెళ్లి రోజు పొద్దున పదింటికి, రాయచోటి నుంచి పెళ్లికొడుకు వాళ్ళ జీపులు ఊరి మొదట్లోకి వచ్చేశాయని కబురొచ్చింది. నేను పట్టుచీర సర్దుకుని, ఠీవిగా బటన్ నొక్కి బయటికొచ్చా. టంగ్! రెండో దెబ్బ కోసం చూస్తున్నా. చూస్తూనే ఉన్నా. ఎప్పటికో... టంగ్!

అచ్చంగా చావు గంట.

ముందు చేలల్లోంచి జనం వచ్చారు. వెనకాలే గడ్డపారలతో ఇద్దరు వచ్చి, ఎక్కడ తవ్వాలని అడిగారు. సగం మంది నేరుగా రత్నమ్మవ్వ ఇంటికి పోయారు, ఆమె ఆరు నెలలుగా మంచం మీద ఉంది కాబట్టి. ఆమె గుమ్మంలో కూర్చుని తల దువ్వించుకుంటోందట. "నేను పెళ్లికూడు తినకుండా యాడికీ పోను" అని అందర్నీ తరిమేసింది.

ఇంతలో పెళ్లికొడుకు మేనమామ పెదనాయనకు ఫోన్ చేశాడు. "ఏమప్పా, ఎవరు పోయినారు? ఊర్లో శవం ఉండంగా పెళ్లేంది? ముందు మట్టి కానీండి. పెళ్లి ఇంకో నాడు పెట్టుకుందాం."

ఎవరూ పోలేదని పెదనాయన ఎంత చెప్పినా వినలేదు. దాచిపెట్టి పెళ్లి జరిపించేస్తున్నామని వాళ్ళ అనుమానం. జీపులు ఆగిన చోటే ఆగాయి. లోపల ముసుగు వేసుకున్న జ్యోతి ఏడుపు మొదలుపెట్టింది. ఆపేద్దామని ఆఫీసులోకి పరుగెత్తా. పెదనాయన నా వెనకే వచ్చాడు.

"ఆపితే ఏమొస్తాది? నోటితో చెబితే ఎవురూ నమ్మరు. గంట చెప్పింది కాబట్టి గంటతోనే మళ్ళీ చెప్పించల్ల."

తప్పెక్కడుందో వెతుకుతూ మౌస్ అటూ ఇటూ తిప్పా. బయట టంగ్ టంగ్ టంగ్ అని గంట వేగం అందుకుంది! ఆలోచిద్దామని చెయ్యి తీశా. మళ్ళీ చావు గంట. మళ్ళీ తిప్పా, మళ్ళీ పెళ్లి. అప్పుడు వెలిగింది.

కెర్నల్ అని ఒకటి ఉంటుంది, కంప్యూటర్ అడుగున కూర్చుని మిగతా ప్రోగ్రాములన్నిటికీ పని పంచే మేస్త్రీ లాంటిది. పాత కెర్నల్ పనున్నా లేకున్నా టిక్కు టిక్కుమంటూ ఉండేది. నేనేం చేశానంటే, గడియారం చూసి గంట కొట్టాల్సింది పోయి, ఆ టిక్కులు లెక్కపెట్టి కొట్టేలా రాశా. కొత్త కెర్నల్‌కి కరెంటు పొదుపు నేర్పించారు. పని లేకపోతే కునుకు తీస్తుంది. అది కునుకు తీస్తే టిక్కులు ఎప్పుడో ఒకటి పడతాయి, నా గంట ఏడుస్తుంది. మౌస్ కదిలిస్తే ఉలిక్కిపడి లేస్తుంది, ఎంత తిప్పితే అన్ని టిక్కులు.

ఇది సగమే చెప్పా, పెదనాయన నన్ను పక్కకు తోసి కుర్చీలో కూర్చున్నాడు. మౌస్‌కి చెయ్యి పైకెత్తే పని లేదు కదా! కళ్ళు మూసుకుని తిప్పడం మొదలుపెట్టాడు. మెల్లగా ఎత్తుకుని, గబగబా పెంచి, నడుమ చిన్న విరుపు. ఎనిమిదేళ్ళుగా ఊరు మర్చిపోయిన ఆయన చేతి తీరు! బయట ఎవరో ముసలాయన "సామేలప్ప కొడతాండాడు" అన్నాడు. జీపులు స్టార్టయ్యాయి. గడ్డపారలు గోడకు చేరాయి. కూతురి పెళ్లికి గంట తన చేత్తో కొట్టుకున్నాడు మా పెదనాయన, కళ్ళనిండా నీళ్ళతో. నాకూ ఆగలేదు.

ఆ పొద్దంతా కెర్నల్ రాసినోళ్ళని తిట్టుకున్నా. మంచి చేస్తున్నామని మార్చేస్తారు, దాన్ని నమ్ముకున్నోళ్ళ గతి ఏం కావాలి అని. మర్నాడు బుద్ధిగా నా ప్రోగ్రాం సరిచేసి, గడియారం చూసి కొట్టేలా రాసి తీసుకుపోయా. పెదనాయన మౌస్‌ని గుండెకు హత్తుకుని, "దీన్ని మార్చినావంటే చూడు" అన్నాడు.

అందుకని మార్చలేదు. ఇప్పుడు ప్రతి ఆదివారం పొద్దున ఆరాధన గంట నడుమ ఆయన టీ కోసం లేచాడంటే, నేను పరుగెత్తి పోయి మౌస్ పట్టుకుంటున్నా. లేకపోతే గడ్డపారలోళ్ళు వచ్చేస్తారు, ఈసారి నాకోసమే తవ్వుతామన్నారు!